ఆర్డర్ల వదిన

చొక్కాల మీద అచ్చు వేయించుకోవడానికి ఎవరొచ్చినా గుమ్మంలో అడుగు పెడుతూనే అడిగే మాట ఒకటే: "ఆర్డర్ల వదిన ఉన్నారా?"

అలా అడిగేవాళ్ళలో ఆమెకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా ఉండేవారు. మొదట అలా పిలిచింది సొంత మరిది. అతని నోట్లోంచి వీధి నోట్లోకి, వీధి నోట్లోంచి ఊరి నోట్లోకి ఎక్కి, చివరికి ఆమె మొగుడు కూడా ఒకసారి పరధ్యానంలో "వదినని అడిగి చెప్తానండీ" అనేశాడు. ఆ మాట పట్టుకుని మరిది నెల్లాళ్ళు నవ్వాడు.

వాళ్ళది చిన్న వ్యాపారం. కింద రెండు గదులు, పైన ఇల్లు. ముందు గదిలో పొడుగాటి బల్ల. దాని మీద చొక్కా పరిచి, సన్నటి గుడ్డ బిగించిన చెక్క ఫ్రేము ఆనించి, రంగు పోసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే అచ్చు పడేది. ఆ లాగే పని మరిదిది. వెనక గదిలో ఫ్రేములు తయారుచేయడం, కడగడం, మెట్ల కింద చీకటి కొట్లో వాటిని ఎండబెట్టడం మొగుడి పని. గదికి అడ్డంగా తాళ్ళు కట్టి, తడి చొక్కాలు క్లిప్పులతో వేలాడదీసేవారు. కిరసనాయిలు వాసన, రంగు వాసన, కొత్తగుడ్డ వాసన మూడూ కలిసి మేడమీది పరుపుల్లోకి కూడా చేరిపోయాయి. బంధువులు వచ్చి తలనొప్పి అనేవారు. వదినకు మాత్రం పుట్టింటికి వెళ్తే ఆ వాసన లేక నిద్ర పట్టేది కాదు.

అన్నదమ్ములిద్దరూ పనిలో మొనగాళ్ళు. వినడంలో మాత్రం ఇద్దరికిద్దరే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. వచ్చినవాడు మాట పూర్తి చేయకముందే అన్న ఫ్రేము వెతుకుతుండేవాడు, తమ్ముడు రంగు కలుపుతుండేవాడు.

ఒకసారి ఈత నేర్పే మాస్టారొకాయన ఎర్ర బనియన్ల మీద తెల్ల అక్షరాలు చెప్పి వెళ్ళాడు. తీసుకోవడానికి వచ్చేసరికి తెల్ల బనియన్ల మీద ఎర్ర అక్షరాలు తాళ్ళ నిండా ఊగుతున్నాయి. మాస్టారు ముందు గదిలో నిలబడి అరుస్తున్నాడు. అన్న తమ్ముణ్ణి చూస్తున్నాడు, తమ్ముడు అన్నను చూస్తున్నాడు. వదిన పైనుంచి గరిటె చేత్తోనే దిగివచ్చింది.

"మాస్టారూ, కూర్చోండి. ఇవి ఎవరు వేసుకుంటారు?"

"ఎవరేంటమ్మా, నా దగ్గర నేర్చుకునే పిల్లలు."

"నీళ్ళలో దిగేటప్పుడా, గట్టుమీదా?"

"నీళ్ళలోనే. దూరంనుంచి చూసినా ఎవడెక్కడున్నాడో తెలియాలి. అందుకే కదా ఎరుపు అన్నది!"

"మరి అక్షరాలు నీళ్ళలో ఎవరు చదువుతారండీ?"

మాస్టారు తాళ్ళ మీది బనియన్ల వైపోసారి చూశాడు. చివరికి ఎర్ర బనియన్లకు అక్షరాలే వద్దన్నాడు. వీపుమీద పెద్ద గుండ్రం ఒకటి చాలన్నాడు. ఆ తెల్లవి గట్టుమీద కూర్చునే తల్లిదండ్రులకు పంచేస్తానని అవి కూడా పట్టుకుపోయాడు. ఆయన వెళ్ళాక మొగుడు గోడవారనున్న స్టూలును గుమ్మం పక్కకు జరిపి, "రేపట్నుంచి నువ్విక్కడ కూర్చో" అన్నాడు. ఆమె పైకి వెళ్ళి చూస్తే కూర మాడిపోయింది. ఆ పూటకు అన్నదమ్ములిద్దరూ ఆవకాయతో కానిచ్చేశారు.

అలా మొదలై ముప్పై ఒక్కేళ్ళు సాగింది.

ఆర్డరు తీసుకోవడమంటే మనిషి మనసులో ఉన్నదాన్ని కాగితం మీదికి తేవడమని ఆమెకు తొందరగానే తెలిసింది. రంగు పేరు ఎవరికీ తెలియదు. "ఎరుపే, కానీ మరీ ఎరుపు కాదు", "మా చిన్నత్త చీర రంగు" అనేవారు. వాళ్ళ చిన్నత్తను వదిన ఎక్కడ చూసింది! అందుకని ఒక బిస్కెట్ల డబ్బా నిండా గుడ్డముక్కలు పోగేసి, ముందు పెట్టి, "ఏరుకోండి" అనేది. "ఎప్పటికి కావాలి" అని మాత్రం ఎవర్నీ అడిగేది కాదు. అలా అడిగితే ప్రతివాడూ రేపే అంటాడు. "ఎప్పుడు తొడుక్కుంటారు?" అని అడిగేది. అప్పుడు నిజం బయటికొచ్చేది.

కొన్నిటికి మాత్రం ఆమె కూడా అడ్డు పడలేకపోయేది. కుస్తీ జట్టువాళ్ళు ఛాతీ మీద సింహం కావాలన్నారు. మరిది తానే గీస్తానని పట్టుపట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. మూడు రోజులు గీశాడు. వదిన చూసి, "బాబూ, పాలు పెట్టమంటావా?" అంది. మరిది రెండు రోజులు మాట్లాడలేదు. ఆ పిల్లిలాంటి సింహంతోనే కుస్తీవాళ్ళు పోటీకి వెళ్ళి గెలిచారు. మరుసటి ఏడు కొత్త సింహం గీయించుకోమంటే ఒప్పుకోలేదు. "అచ్చొచ్చిన పిల్లి వదినా, మార్చకండి" అన్నారు.

ఆమెకు ఒక్క గర్వం ఉండేది. తన చేతి కాగితంలో తప్పుండదని. ఎవరైనా రాసుకొచ్చిన పట్టీలో అక్షరం తప్పినా, అంకె తప్పినా ఇట్టే పట్టేసి దిద్దేది. పన్నెండేళ్ళు అలా గడిచాక, ఆ గర్వం ఒక్క అంకె దగ్గర బోర్లాపడింది.

ఊరవతల బట్టల మిల్లు మూసేస్తున్నారు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఒక మధ్యాహ్నం మిల్లు మేస్త్రీ నలుగురు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. చివరి రోజున నేత పనివాళ్ళందరూ ఒకే రకం చొక్కాలు తొడుక్కుని గేటు దాటాలని అనుకున్నారట. మొత్తం నలభై ఆరుగురు. ముదురు నీలం గుడ్డ, వీధి చివరి దర్జీ కుడతాడు, వీళ్ళు అచ్చు వేయాలి. అంతవరకు తేలింది. ఏమి వేయాలన్న దగ్గరే పేచీ.

"మిల్లు పేరు వేద్దాం" అన్నాడు ఒకాయన.

"మనల్ని పొమ్మన్నవాడి పేరు మన వీపుమీద మోద్దామా?" అని ఇంకొకాయన లేచాడు.

"పోనీ మన పేర్లు."

"పేరుతో నిన్నెవడు పిలిచాడ్రా అక్కడ?"

ఆ మాట వదిన చెవిన పడింది. "మరి లోపల ఏమని పిలుచుకుంటారు?" అనడిగింది.

మేస్త్రీ నవ్వాడు. "ఆ మోతలో పిలుపులెక్కడివమ్మా! పక్కవాడు అరిచినా వినబడదు. ఎవరి మగ్గం నంబరు వాళ్ళది. వేళ్ళతో చూపిస్తాం." చేతులెత్తి మూడు వేళ్ళు చూపి, మడిచి, ఏడు వేళ్ళు చూపించాడు. "ఇదిగో, ఇది ముప్పై ఏడు. నేనిలా అంటే ఆ మనిషి తల తిప్పుతాడు."

"అయితే ఆ నంబర్లే వేయించుకోండి" అంది వదిన.

ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారం రోజులుగా తెగని పేచీ ఆ గదిలో అప్పటికప్పుడు తెగిపోయింది.

రెండు రోజుల్లో మేస్త్రీ పట్టీ పంపాడు. నలభై ఆరు నంబర్లు, పక్కన చొక్కా కొలతలు. వదిన కాగితం మీదికి ఎత్తి రాసుకుంటుంటే ముప్పై ఏడు రెండుసార్లు కనబడింది. ముప్పై ఎనిమిది అసలు లేదు. మేస్త్రీ తొందరలో తప్పు రాశాడనుకుంది. చిన్నగా నవ్వుకుని రెండో ముప్పై ఏడును ముప్పై ఎనిమిదిగా దిద్దింది.

చొక్కాలు అనుకున్న రోజుకే అందాయి. మరునాడు మిల్లు చివరి రోజనగా, పొద్దున్నే ఒక మనిషి చంకలో పొట్లంతో వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. సన్నటి మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి వంతు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా వచ్చాడు.

"అమ్మా, నేనేం తప్పు చేశానని నాకు చచ్చిన మగ్గాన్ని అంటగట్టారు?"

వదినకు అర్థం కాలేదు. అతను పొట్లం విప్పి చొక్కా వీపు చూపించాడు. 38.

"ఈ ముప్పై ఎనిమిది ఆగిపోయి ఎనిమిదేళ్ళయిందమ్మా. దాని భాగాలన్నీ పీకి పక్క మగ్గాలకు వేసుకున్నాం. ఎలుకలు కాపురముంటున్నాయి. రాత్రి చొక్కాలు పంచితే అందరూ ఒకటే నవ్వు. నాది ముప్పై ఏడు. పంతొమ్మిదేళ్ళుగా ముప్పై ఏడు."

"ముప్పై ఏడు రెండుసార్లుంటే పట్టీలో పొరపాటనుకున్నాను..." అని ఆమె అనబోయింది.

బల్ల దగ్గరున్న మరిది తల ఎత్తకుండానే, "రాసినవాళ్ళు సరిగ్గానే రాశారు వదినా. మార్చింది నువ్వు" అన్నాడు.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. కానీ అందులో అబద్ధం లేదు. లేచి నిలబడి, "తప్పు నాది. నిన్ను అడగాల్సింది, అడగలేదు. రేపటికి నీ నంబరు నీ వీపున ఉంటుంది. కూర్చో" అంది.

"మిగతా మగ్గాలు ఏదో ఒక వంతే నడుస్తాయి, ఈ ముప్పై ఏడొక్కటే రెండు వంతులు కదమ్మా. పగలు ఒకాయన, రాత్రి నేను. మగ్గం ఒక్కటే."

"ఆయన స్నేహితుడా నీకు?"

"ఎప్పుడూ మాట్లాడుకోలేదు. లోపలికెళ్ళే గేటు వేరు, బయటికొచ్చే గేటు వేరు. నడుమ అరగంట మగ్గాలకు నూనె పోస్తారు. నేను వెళ్ళేసరికి ఆయన ఉండడు." చొక్కా మళ్ళీ పొట్లంలోకి మడుస్తూ అన్నాడు, "కానీ తెలుసు. దారం తెగితే ఆయన వేసే ముడి వేరు, నేను వేసేది వేరు. ఎక్కడైనా పోగు బలహీనంగా ఉంటే సుద్దతో అక్కడ గుండ్రం చుట్టి పోతాడు, నేను చూసుకోవాలని. ఒకసారి పది రోజులు ఆ గుండ్రాలు లేవు. మనిషికి బాగాలేదనుకున్నాను. పదకొండో రోజు మళ్ళీ కనబడితే, ఎందుకో ఆ రాత్రి పని తేలిగ్గా నడిచింది."

మొగుడు వెనక గది గుమ్మంలోకొచ్చి వింటున్నాడు. ఎవరూ చెప్పకుండానే సైకిలు బయటికి తీశాడు. నీలం గుడ్డ మిగిలిందేమో దర్జీని అడగాలి. లేదంటే బజారుకు పోవాలి. వదిన గుమ్మందాకా వెళ్ళి, "మిల్లు మీదుగా వెళ్ళండి. ఆ పగటి ముప్పై ఏడాయన్ని ఒకసారి రమ్మని మేస్త్రీతో చెప్పండి. ఆయన్ని కూడా అడిగే అచ్చు వేద్దాం. అడక్కుండా ఇంక అంకె కూడా దిద్దను" అంది.

ఆ చివరి వారం పగటివాళ్ళను మధ్యాహ్నానికే వదిలేస్తున్నారు. రెండు గంటలకు పగటి మనిషి వచ్చేసరికి రాత్రి మనిషి గోడవారన బెంచీమీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయి ఉన్నాడు. వచ్చినాయన భారీ మనిషి, పెద్ద గొంతు. గుమ్మంలో "ఎవరమ్మా నన్ను..." అని మొదలుపెట్టి బెంచీ వైపు చూసి ఆగిపోయాడు.

"ఈయనేనా?" అన్నాడు గొంతు తగ్గించి.

వదిన తల ఊపింది. లేపబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. "రాత్రంతా నిలబడ్డ మనిషి. పడుకోనివ్వండి." ఆ బెంచీమీదే, కదిలితే ఎక్కడ మెలకువ వస్తుందోనన్నట్టు ఓ చివర కూర్చున్నాడు. చాలాసేపు ఆ నిద్రపోయే మనిషి చేతివేళ్ళనే చూశాడు. "చిన్న చేతులు. అందుకే ముడి అంత సన్నంగా పడేది. నేనెన్నిసార్లు ప్రయత్నించానో అలా వెయ్యాలని!" అన్నాడు వదినతో గుసగుసగా.

రాత్రి మనిషి కళ్ళు తెరిచేసరికి పక్కన ఎవరో ఉన్నారు. ఎవరూ పరిచయం చేయలేదు. పగటాయన మూడు వేళ్ళు చూపి, ఏడు వేళ్ళు చూపించాడు. రాత్రాయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి, కూర్చోండి."

"మీరు కూర్చోండి."

"నాకు చేతకాని ముడి మీదేనా?"

"ఆ గుండ్రాలు మీవేనా?"

అంతే. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. మరిది టీ తెచ్చి ఇద్దరి చేతుల్లో పెట్టాడు. వేడి గ్లాసులు చేతిలో పడ్డాక నోళ్ళు విచ్చుకున్నాయి. ఇంక ఆగలేదు. ఎడమవైపు కీచుమనే చప్పుడు, వానాకాలంలో జిగురుపట్టే పోగు, ఇదివరకటి మేస్త్రీ బుద్ధిలేనితనం, ఒక్కొక్కటే కలిపి తిట్టుకున్నారు. ఒకే పిల్లను పెంచిన ఇద్దరు మేనమామల్లా ఉన్నారని వదిన తర్వాత ఎన్నోసార్లు చెప్పేది.

మొగుడు గుడ్డతో తిరిగొచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు. ఆ ముదురు నీలం ఎక్కడా లేదు. దొరికింది దానికంటే ఒక పాలు లేత. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తోంది. వదిన ఇద్దరికీ చూపించి, "ఇదే ఉంది. తొందరపడి సరే అనకండి, బాగా చూసి చెప్పండి" అంది.

రాత్రాయన ఆ గుడ్డను వేళ్ళతో నలిపి చూస్తున్నాడు. మొహం కొద్దిగా వాడింది.

పగటాయన గుడ్డ లాక్కున్నాడు. "లేతది నాకు కుట్టించండమ్మా. పగటివాణ్ణి నేను. చీకటి రంగు నాకెందుకు? నా ముదురుది ఈయనకిచ్చేస్తాను, రాత్రి మనిషి కదా!"

"మీ కొలతేంటి, నా కొలతేంటి?" అన్నాడు రాత్రాయన. "మీ చొక్కాలో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు."

"దర్జీ ఎందుకున్నాడు? కుదించుకో."

దర్జీ ఆ సాయంత్రమే ఒకటి కుట్టాడు, ఒకటి కుదించాడు. మరిది ఎప్పుడూ లాగనంత నిదానంగా రబ్బరు పట్టీ లాగి ముప్పై ఏడు వేశాడు. రెండోసారి చూసుకుని, ఫ్రేము పైకి లేపి, "వదినా, చూస్కో" అన్నాడు. ఆమె దగ్గరికెళ్ళి అంకెలు వేలితో గాలిలోనే తడిమి, సరేనంది.

ఆరోజువరకు వదిన తాను రాసిన ఆర్డర్లు తొడుక్కుని మనుషులు నడుస్తుంటే చూడ్డానికి ఎక్కడికీ వెళ్ళలేదు. చొక్కాలు పొట్లాల్లో గుమ్మం దాటేవి, ఆమె పని అయిపోయేది. మరునాడు మాత్రం స్టూలు మొగుడికి అప్పగించి మిల్లు దగ్గరికి వెళ్ళింది. గేటు ఎదుటి గోడ నీడలో నిలబడింది. ఎంతమంది ఆడవాళ్ళు, పిల్లలు! ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. మధ్యాహ్నం కూత వేశారు. మామూలుకంటే ఎక్కువసేపు వేశారు. అది ఆగాక ఊరంతా ఎంత నిశ్శబ్దమైందంటే, సందులో సైకిలు గంట వినబడింది.

ఆ ఒక్కరోజూ రెండు వంతులవాళ్ళనూ ఒకే గేటులోంచి వదిలారు. నీలం చొక్కాలు గుంపుగా బయటికొచ్చాయి. కొందరు ఏడుస్తున్నారు, కొందరు అరుస్తున్నారు, ఒకాయన గేటును చేత్తో చరిచి పోతున్నాడు. మేస్త్రీ రాయిమీదికెక్కి, మాటలు వినబడే నిశ్శబ్దంలో కూడా అలవాటు కొద్దీ చేతులెత్తి వేళ్ళతోనే ఒక్కొక్కరినీ పిలిచాడు. పిలిచినవాళ్ళు పక్కకొచ్చి నిలబడ్డారు. మూడు వేళ్ళు, ఏడు వేళ్ళు చూపించేసరికి గుంపులో రెండు చేతులు లేచాయి. ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా. ఒక చొక్కా లేత, ఒకటి ముదురు. నవ్వులు వినబడ్డాయి. ఆ నవ్వుల్లో ఎగతాళి లేదు. వదిన కళ్ళు తుడుచుకుందామని కొంగు అందుకుంటే, పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆడమనిషి ఆమె భుజం తట్టి, "మీవారు ఏ నంబరు?" అనడిగింది. వదిన "అందరూ" అనేసింది.

ఆ తర్వాత కూడా పంతొమ్మిదేళ్ళు ఆమె ఆర్డర్లు రాసింది. వందల కొద్దీ జట్లు, బళ్ళు, కొట్లు, పందేలు. ఎవరైనా వింతగా ఏదైనా చెబితే, నవ్వు వచ్చేలా ఉంటే, అప్పుడు ఇంకా జాగ్రత్తగా అడిగేది. ఒక ముసలాయన తన చొక్కాకు అంకెలు తలకిందులుగా వేయమన్నాడు. కారణం అడిగితే, మనవడు ఆయన ఒళ్ళో పడుకుని కిందనుంచి చదువుతాడట. అలాగే వేసిచ్చారు.

తర్వాత మరిది భుజం పట్టేసింది. ఎన్నివేలసార్లు ఆ పట్టీ లాగిందో ఆ భుజం! మొగుడికి చీకటి గదిలోంచి వెలుతురులోకి వస్తే కళ్ళు కుదురుకోవడానికి ఎక్కువసేపు పట్టడం మొదలైంది. కూతురు ఈ పనిలోకి వచ్చింది. అచ్చంగా మరిది పట్టుదల, మొగుడి చేతివాటం ఆ పిల్లవి. ఫ్రేమూ, పట్టీ అవసరంలేని యంత్రం తెచ్చింది. అందులో ఒక్క చొక్కా కూడా వేయొచ్చు, అరగంటలో అయిపోతుంది. పొడుగుబల్లను నలుగురు మనుషులు వంచి, తిప్పి, చివరికి తలుపు ఊడదీసి బయటికి తీశారు. ఆ రోజు అన్నదమ్ములిద్దరూ మేడమీదే ఉండిపోయారు. వదిన కిందే నిలబడి, గోడ పెచ్చు ఊడకుండా "అటు, అటు, కాస్త పైకి" అని దారి చూపించింది.

ఇప్పుడు ఆర్డర్లు ఫోన్లో వస్తాయి. బొమ్మ, కొలత, రంగు అన్నీ వాళ్ళే నొక్కి పంపేస్తారు. మనిషి కనబడడు. వదిన మధ్యాహ్నాలు కిందికి దిగి కూతురి పక్కన కూర్చుంటుంది. యంత్రం చేసే పని చూస్తుంది. ఎంత బాగా వేస్తోందో ఒప్పుకుంటుంది కూడా. "మీ బాబాయి కంటే నున్నగా వేస్తోందే" అంటుంది, మరిది వింటున్నప్పుడు మాత్రమే.

మొన్నామధ్య కూతురు పనిమీద బయటికి వెళ్తూ, "అమ్మా, ఎవరైనా వస్తే నాకు ఫోన్ చెయ్యమని చెప్పు" అని వెళ్ళింది. కాసేపటికి ఒక నడివయసు మంగలి వచ్చాడు. అన్నదమ్ములు ముగ్గురూ విడిపోయి మూడు కొట్లు పెట్టుకున్నారట. ఆరేళ్ళు మాటల్లేవట. ఇప్పుడు మళ్ళీ ఒకే కొట్టు తెరుస్తున్నారట. ముగ్గురికీ పైకోట్లు కావాలి. కానీ ఎవరి పేరు ముందు వేయాలన్నది తేలలేదు. ఫోన్లో అడిగిన గళ్ళలో ఈ ముక్క ఎక్కడ రాయాలో తెలియక నడిచొచ్చాడు.

"ఆరేళ్ళ కిందట అసలు గొడవ దేనికొచ్చింది?" అనడిగింది వదిన.

అతను నిట్టూర్చి కుర్చీ లాక్కున్నాడు. కూతురు తిరిగొచ్చేసరికి అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు. వదిన కాగితం మీద ఇంకా ఒక్క ముక్క కూడా రాయలేదు. పైనుంచి మొగుడు అన్నానికి మూడోసారి కేకేస్తున్నాడు. ఆమెకు వినబడలేదు.